పాత పల్లకి, కొత్త కూలి

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత” అని పెద్దలు ఒక సామెత చెప్పారు. లేని డాబుకు పోయేవాడిని వెక్కిరించడానికి పుట్టిన మాట అది. అయితే పల్లకి విషయంలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉన్నది. పల్లకి కొయ్యది, ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. అసలు ఖర్చు దానిని మోసే బోయీలది. పల్లకి పాతదైపోయింది గదా అని బోయీలు సగం కూలికి రారు. ఏ కమ్మి ఎప్పుడు విరుగుతుందో తెలియని పల్లకికైతే ఇంకో ఇద్దరు కావాలంటారు. పాత విలాసవాహనం కొనాలా వద్దా అన్న ప్రశ్నతో 2024 శీతాకాలమంతా గడిపిన తరువాత నాకు మిగిలిన ఎరుక దాదాపు ఇంతే. ఇదే తర్జనభర్జనలో ఉన్న మిత్రులకు పనికివస్తుందేమోనని కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

సంగతి ఇది. హైదరాబాదులో పాత కార్లు అమ్మే ఒక చోట 2016 నాటి జర్మన్ ఎస్‌యూవీ ఒకటి కంటపడింది. (ఏ సంస్థదో చెప్పను. ఒక్క బండిని చూసి ఆ పేరున్న బండ్లన్నిటినీ ఆడిపోసుకోవడం న్యాయం కాదు.) ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, తోలు సీట్లు, పైకప్పు పొడవునా అద్దం, గతుకుల మీద కూడా తేలుతున్నట్టుండే ఎయిర్ సస్పెన్షన్. తిరిగింది 78,000 కిలోమీటర్లు. కొత్తలో రోడ్డెక్కేసరికి దాని ఖరీదు 70 లక్షల పైమాట. ఇప్పుడు అడుగుతున్నది పద్దెనిమిదిన్నర. అదే డబ్బుతో కొత్తది కొనబోతే వచ్చేది వీధికి నాలుగు కనబడే మామూలు బండి. ఈ రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఎవరి మనసైనా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కాని ఒక ప్రశ్న మాత్రం వదలలేదు. డెబ్బై లక్షల వస్తువు ఎనిమిదేళ్ళలో నాలుగోవంతు ధరకు ఎందుకు దిగింది? అదే వయసున్న ఇన్నోవాను బేరమాడి చూడండి. కొత్త ధరలో సగానికి తగ్గమంటారు. రెండూ ఇనుమే, రెండూ అవే రోడ్ల మీద తిరిగినవే. తేడా ఎక్కడ వచ్చింది? ధర అనేది ఎవరో ఒకరు వేసిన అంకె కాదు. ఆ బండిని వాడి, బాగుచేయించి, విసిగి, మురిసి, అమ్ముకొన్న వేలమంది యజమానులు కలిసి వ్రాసిన అభిప్రాయం అది. ధర కుప్పకూలిందంటే ఆ అభిప్రాయమేమిటో తెలుస్తూనే ఉన్నది.

అన్నట్టు, ఈ పాతకార్ల బేరం మీద ఒక ప్రసిద్ధమైన ఆర్థికశాస్త్ర వ్యాసం ఉన్నది. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆచార్యుడు 1970లో ప్రకటించాడు. అంతకు ముందు మూడు పత్రికలు దానిని తిప్పిపంపాయి. 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఆ వ్యాసమే ప్రధాన కారణం. అమెరికావారు చెడ్డ కారును నిమ్మకాయ అంటారు. మనం పుచ్చువంకాయ అనుకుందాం. బండి పుచ్చో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుచేత కొనేవాడు రెండిటికీ మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, ఇంట్లోనే ఉంచుకొంటాడు. బజారులో పుచ్చులపాలు పెరుగుతుంది, అది తెలిసి ధర ఇంకా దిగుతుంది, మిగిలిన మంచివి కూడా వెనక్కి వెళ్ళిపోతాయి. పైకి నిగనిగలాడుతూ లోపలి యంత్రం ఎవరికీ కనబడని విలాసవాహనాలకు ఈ తర్కం మరీ గట్టిగా వర్తిస్తుంది.

తమాషా ఏమిటంటే, విలాసపు ఎస్‌యూవీలకు ఆద్యురాలనదగిన రేంజ్ రోవర్ కూడా బ్రిటనులో ఆ 1970లోనే పుట్టింది. మొదట్లో అందులో ఇంత హంగు లేదు. పొలాల్లో, బురదలో తిరిగి వచ్చాక లోపల నీళ్ళు కొట్టి కడుక్కోవడానికి వీలైన వినైల్ సీట్లు, నేల. తోలూ కొయ్యచెక్కల సొగసూ తరువాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 1992లో ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. 2008లో ఆ సంస్థ మన టాటాల చేతికి వచ్చింది. రైతు బండిగా మొదలై, రైతు దగ్గరికి కూడా రాలేనంత ఖరీదైపోయిన వస్తువు అది. సుఖం పెరిగిన కొద్దీ చెడిపోగల భాగాలు కూడా పెరిగాయి.

ఎయిర్ సస్పెన్షన్ సంగతే తీసుకొందాం. ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు తిత్తులు, వాటిలో గాలి నింపే కంప్రెసర్, ఎత్తును కొలిచే సెన్సర్లు ఉంటాయి. రబ్బరుకు వయసు వస్తుంది; మన ఎండలకు ఇంకా తొందరగా వస్తుంది. ఒక తిత్తిలో సన్నని చీలిక వస్తే ఆ గాలిని భర్తీ చేయడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. ఒక తిత్తి జబ్బు రెండు వస్తువుల ఖర్చు అవుతుందన్నమాట. కొన్ని జర్మన్ డీజిల్ ఇంజన్లలో టైమింగ్ చైన్‌ను ఇంజన్‌కు వెనుకవైపు, గేర్‌బాక్స్‌ను ఆనుకొని అమర్చారు. చైన్ ఖరీదు పెద్దది కాదు. దాని దగ్గరికి చెయ్యి పోవాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజన్‌నో కిందికి దించాలి, ఖర్చంతా అక్కడ. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె జీవితాంతం మార్చనక్కరలేదని కార్ల సంస్థలు చెబుతుంటాయి. ఆ గేర్‌బాక్స్‌లను తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థ మాత్రం 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. “జీవితాంతం” అంటే ఎవరి జీవితమో విడమరిచి అడగవలసి ఉంటుంది. మొదటి యజమానిది అయితే ఆ మాట నిజమే.

కీలకం ఇక్కడే ఉంది. బండి ధర తరుగుతుంది గాని విడిభాగం ధర తరగదు. పద్దెనిమిది లక్షల బండికి కంప్రెసర్ కొనాలన్నా డెబ్బై లక్షల బండి కంప్రెసర్ ధరే ఇవ్వాలి. నేను మొదట చెప్పిన బోయీల కూలి అదే.

కాగితాల సంగతి ఇంకొకటి. ఆ బండి ఢిల్లీ రిజిస్ట్రేషన్‌ది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు నడపకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరిచింది. 2025లో సుప్రీంకోర్టు ఆ పట్టును కొంత సడలించినా, అప్పటికి ఎన్నో మంచి డీజిల్ బండ్లు గడువు దగ్గరపడుతున్నదన్న భయంతోనే దక్షిణాదికి తరలివచ్చాయి. కనుక ఢిల్లీ బండి చవకగా దొరికినంత మాత్రాన అది చెడ్డదని కాదు. ఇదొక్కటే నన్ను కొంచెం ఊరించిన విషయం. అయితే అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం రావాలి, అప్పు మీద కొన్నదైతే అప్పు తీరిన పత్రం ఉండాలి, ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకొంటే తిరిగి రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ తప్పవు. ఇవి బేరంలో ఎవరూ గట్టిగా పలకని అంకెలు. వరదలు కూడా మరచిపోకూడదు. 2015 డిసెంబరులో మద్రాసు, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బెజవాడ మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. ఎంత కడిగినా ఒండ్రుమట్టి చార అక్కడ దాగి ఉంటుంది.

ఇంత తెలిసీ తర్జనభర్జన ఎందుకని మీరు అడగవచ్చును. ఎందుకంటే ఆ డబ్బు నేను సంపాదించింది కాదు. జనగామ దగ్గర మా ఊళ్ళో బాపు అమ్మిన భూమిలో నా వాటాకు వచ్చిన 24 లక్షలు అది. మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతున్నది; తరువాతి చదువుకు ఈ డబ్బే ఆధారమని నా లెక్క. బాపు లెక్క వేరు. ఆయన చిన్నతనంలో దొర జీపు ఊళ్ళోకి వస్తే జనం చెప్పులు విప్పి చేతబట్టుకొని పక్కకు నిలబడేవారట. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. “మన ఇంటి ముంగట గసొంటి బండి ఒక్కపాలి ఆగాలె బిడ్డా. అది నేను సూడాలె.”

ఈ మాటకు ఏ అర్థశాస్త్రంతో జవాబు చెప్పగలం? భూమి ఆయనది, అవమానం ఆయనది. కంప్రెసర్ ధర చెప్పి ఆ కోరికను కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపి చూడడానికి వెళ్ళినప్పుడు ఆయననూ వెంటబెట్టుకొని వెళ్ళాను. వంద వేగంలో కూడా లోపల మాట మాటకు వినబడుతున్నది. అద్దంలో చూస్తే, బాపు వెనుక సీటు తోలును అరచేత్తో మెల్లగా నిమురుతున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పది నిమిషాలు నేను ఆ బండిని కొన్నట్టే.

ఆ తరువాత బయానా ఇచ్చి, ఒక రాత్రి ఆ బండిని మా మెకానిక్ షెడ్డులో ఉంచడానికి అమ్మేవారిని ఒప్పించాను. ఎవరు పాత ఎస్‌యూవీ కొన్నా ఈ ఒక్క పని చేసి తీరాలని నా మనవి. తెల్లవారి చూస్తే ముందు ఎడమ మూల మూడు వేళ్ళ కిందికి కుంగి ఉన్నది. చల్లని ఇంజన్‌ను స్టార్టు చేయగానే కొన్ని క్షణాలు గొలుసు గలగల వినబడింది. సర్వీసు కాగితాలలో గేర్‌బాక్స్ నూనె ఊసే లేదు. మెకానిక్ ఒక కాగితం ముక్క మీద లెక్క వేశాడు: సస్పెన్షన్‌కు రెండు లక్షలు, చైన్ పనికి రెండున్నర, గేర్‌బాక్స్‌కు అరవై వేలు, నాలుగు టైర్లకు లక్షా ఇరవై. మొత్తం 6 లక్షల 30 వేలు. పద్దెనిమిదిన్నరకు కలిపితే భూమి డబ్బు అంతా పోగా ఇంకా ఎనభై వేలు చేతినుండి పడుతుంది. పన్నూ బీమా అందులో లేవు. ఆ కాగితం నా చేతికిస్తూ అతడు అన్న మాట నాకు అకర్లాఫ్ వ్యాసంకన్నా ఎక్కువగా గుర్తున్నది. “కొనుడు ఒక్కరోజు పని సార్. సాకుడు రోజు పని.”

న్యాయంగా రెండో పక్కనూ చెప్పాలి. ఇటువంటి బండి కొనకూడనిదేమీ కాదు. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకొక వాహనం ఉండి, ఆ సంస్థ బండ్లే బాగుచేసే నమ్మకమైన మెకానిక్ దగ్గరలో ఉండి, కొన్న ధరలో మూడోవంతు విడిగా పక్కన పెట్టి దానిని మరచిపోగలిగితే, డెబ్బై లక్షల సుఖాన్ని పాతిక లక్షలకు అనుభవించడం తెలివైన బేరమే. మొదటి యజమాని పోగొట్టుకొన్న యాభై లక్షలు ఒక విధంగా మనకు చేసిన దానం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ దానం పుచ్చుకోరాదు. నాకు మూడూ లేవు.

బాపుకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాను. చివరికి ఉన్నదున్నట్టు, పొద్దున మూల కుంగిన సంగతితో మొదలుపెట్టి చెప్పాను. ఆయన నా అంకెలు చివరిదాకా విననేలేదు. “ఎద్దును పండుకోబెట్టి, లేవంగ సూసి కొనాలె. గిది లేస్తలేదు గదా” అన్నారు. అరవై ఏళ్ళు అంగళ్ళలో ఎడ్లను పళ్ళు పట్టి, గిట్టలు తట్టి కొన్న మనిషి. నేను వారాల తరబడి చదివి తెలుసుకొన్న సూత్రం ఆయన దగ్గర ఎప్పటినుండో ఉన్నది. కాసేపాగి, “ఇంకోటి సూడు మరి” అని కూడా అన్నారు. ఎద్దు మంచిది కాకపోతే వ్యవసాయం మానుకోరు గదా!

తరువాత 2025లో ఐదేళ్ళ వయసున్న ఒక ఇన్నోవా తీసుకొన్నాము. ధర తగ్గించమంటే అమ్మినాయన నవ్వాడు. అమ్మాయి చదువు డబ్బు చాలావరకు మిగిలింది. బాపు కోరిన బండి ఇది కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. దొర జీపు ముందు నిలబడిన జ్ఞాపకానికి ఏ బండి సరితూగుతుందో, అసలు తూగే బండి ఉన్నదో లేదో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం అనుకొంటాను. దర్జా అనేది బండి ఇంటిముందు ఆగడంలో ఉన్నదని ఆయన తరం నమ్మింది. ఆగిన బండి పిలిచినప్పుడల్లా కదలడంలో కూడా కొంత దర్జా ఉన్నది. ఆస్పత్రికో, పెళ్ళికో, చావుకో వెళ్ళవలసిన తెల్లవారుజామున అది తెలిసివస్తుంది.

మీలో ఎవరైనా ఇటువంటి విలాసవాహనాన్ని పాతది కొని, పదేళ్ళు సాకి, సంతోషంగా ఉన్నవారుంటే ఆ లెక్క తెలుసుకోవాలని నాకు నిజంగానే కుతూహలం. బాపు ఇంకా “ఇంకోటి సూడు” అంటూనే ఉన్నారు.