పాముపొడ – పాఠాంతరములు

తెలుగు చెప్పుకొని బ్రతికేవారికి బూజులతో, శిలీంధ్రములతో పని ఏమని విద్యార్థులు నవ్వవచ్చును. మాకు ఆ పని దివిసీమలోని మా చిచ్చా కౌలుపొలము వలన పడినది.

మొన్నటి సార్వాలో వారి సాంబమసూరి చేనికి పాముపొడ తెగులు సోకినది. దుబ్బుల మొదట, నీటిమట్టమునకు కాస్త పైన, పాము ఒంటిమీది పొడల వంటి మచ్చలు. అజాక్సీస్ట్రోబిన్ కొట్టించారు. తగ్గలేదు. అదే మందు మరల కొట్టించారు. అప్పు పెరిగినది, తెగులు ఆగలేదు.

"ఏం బేటా, ఎమ్మే చదివావు గదా, మంచి మందు ఎందుకు ఓడిపోతుంది?" అని అడిగారు. మాకు జవాబు తోచలేదు. బందరు నుండి రైలెక్కి, గుడివాడలో వృక్షశాస్త్రము బోధించే మిత్రుని ఆశ్రయించాము.

కణములో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు తనదైన డి.ఎన్.ఏ. ఉన్నదట. ఆ మందు దెబ్బకొట్టేది సైటోక్రోమ్-బి అనే ప్రోటీనును. దాని జన్యువు ఉండేది ఆ డి.ఎన్.ఏ.లోనే. 1981లో చదివిన మానవుని ప్రతిలో 16,569 అక్షరములు. వరి అగ్గితెగులు శిలీంధ్రములో సుమారు 35 వేలు. పాముపొడకు దాయాదియై బంగాళాదుంపను పట్టే రకములో సుమారు 2,35,000! అసలు జన్యువులు మాత్రము అన్నింటా ఇంచుమించు అవే. మిగిలిన నిడివి చాలవరకు నడుమ చొరబడిన ఇంట్రానులది, మరల మరల వచ్చే తునకలది.

"ఇవి ప్రక్షిప్తములు గదా!" అన్నాము. ప్రతి ప్రక్క ప్రతి పెట్టి, ఏది మూలము, ఏది లేఖకుడు చేర్చినది అని తేల్చటము మా విద్యయే. అయితే కొన్ని ఇంట్రానులు డి.ఎన్.ఏ.ను కోసి తాము దూరే ఎంజైమును కూడ మోసుకొని వస్తాయట. తన లేఖకుని తానే వెంటబెట్టుకొని వచ్చే పద్యమును మేమెన్నడు చూడలేదు.

అసలు చిక్కు ఒక్క అక్షరములో ఉన్నది. సైటోక్రోమ్-బి 143వ స్థానములో గ్లైసీను పోయి అలనీను వచ్చినచో మందు పారదు. జపానులో 2012లో అగ్గితెగులు అట్లే తప్పించుకొన్నది. కొన్ని శిలీంధ్రములలో సరిగా ఆ స్థానము వెంటనే ఒక ఇంట్రాను ఉంటుంది. అక్కడ అక్షరము మారితే ఇంట్రాను తెగిపడదు, శ్వాసకు కావలసిన ప్రోటీను తయారుకాదు. ప్రక్షిప్తమే మూలపాఠమునకు కాపలా! అమెరికాలోని లూసియానా వరిచేలలో పాముపొడ మాత్రము వేరే దారి చూచుకొన్నది: 129వ స్థానములో మార్పు.

మరి చిచ్చా చేనిలో జరిగినది ఇదేనా? ఆలస్యముగా కొట్టినా, యూరియా ఎక్కువైనా తెగులు ఆగదని, పరీక్షించనిదే చెప్పరాదని మిత్రుడన్నాడు. ఆ పరీక్షకు తగిన యంత్రము వారి కళాశాలలో లేదు. ఒకే తరగతి మందు వరుసగా కొట్టవద్దని, ఈసారి హెక్సాకొనజోల్ వంటి వేరొక తరగతిది వాడమని మాత్రము చెప్పాడు.

అంతా విని చిచ్చా, "సరే, మందు మారుస్తాను. మా చేలో దాని అక్షరాలు చదివేదెవరు?" అన్నారు. ఎండిన రెండు దుబ్బులను వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు. అవి మా బల్లమీద, పద్యముల నోట్సు ప్రక్కన ఉన్నవి. యంత్రమున్న చోటికి మిత్రుడు ఉత్తరము వ్రాశాడు. జవాబు రావలసి ఉన్నది.