లంబసింగి మంచుకి "కట్" చెప్పేవారు లేరు!

తెరమీద పొగమంచు కనిపిస్తే చాలు, మనకు డ్యూయెట్ గుర్తొస్తుంది. హీరోయిన్ తెల్లచీర, హీరో ఎర్ర స్వెట్టరు, వెనకాల వయొలిన్లు! స్టూడియోలో ఆ మంచు డ్రై ఐస్‌లోంచి పుడుతుంది. డైరెక్టరుగారు "కట్" అనగానే ఫ్యాను పెట్టి ఊదేస్తారు. కానీ లంబసింగి ఘాట్‌లో తెల్లవారుజామున కారు ముందు కమ్ముకునే మంచు ఉంది చూశారూ... దానికి కట్ చెప్పేవారెవరూ లేరు.

ఈ సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి మా కారు ముందు చక్రం రోడ్డు అంచున ఉంది.

విశాఖపట్నం నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. నర్సీపట్నం దాటి, డౌనూరు దాటాక కొండెక్కడమే. ఎక్కినకొద్దీ చలి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడట! అంచేత ఆ పేరు.

సినిమావాళ్లకు ఈ కొండలు కొత్తకాదు. 1974లో విడుదలైన కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' చిత్రీకరణ ఈ చింతపల్లి ప్రాంతంలోనే జరిగింది. అసలు రామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22న. ఇక 2024లో అయితే ఏకంగా 'లంబసింగి' అనే పేరుతోనే సినిమా వచ్చింది. అలాంటి చోటికి కుర్రకారు ఎగబడుతున్నారంటే వింతేముంది? మేమూ ఎగబడ్డాం.

అర్ధరాత్రి హీరోలు

ఒక డిసెంబరులో నలుగురం స్నేహితులం ఓ పాత కారు వేసుకుని అర్ధరాత్రి బయల్దేరాం. సూర్యోదయానికి కొండమీద ఉండాలన్నది ప్లాను. కారుకి ఏం చేయించామంటారా? పెట్రోలు పోయించాం, పాటలు ఎక్కించాం. అంతే!

ఘాట్ సగంలో అద్దం తెల్లబడింది. అది బయటి మంచు అనుకుని వైపర్ వేశాను. పోలేదు. రుమాలుతో లోపల తుడిచాను. రెండు నిమిషాల్లో మళ్లీ అంతే. సరిగ్గా కనిపించడం లేదని పెద్ద లైటు వేశాను. ఎదురుగా సున్నం కొట్టిన గోడ లేచినట్టయింది! మలుపు ఎటుందో తెలియలేదు. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. దిగి చూస్తే పక్కన రోడ్డు లేదు. కింద ఏముందో మంచు చూడనివ్వలేదు. అదే మేలయింది!

వెనకాల వచ్చిన జీపు డ్రైవరు దిగాడు. యాభై దాటిన మనిషి, తలకి మఫ్లరు.

"ఏటి బాబూ, సినిమా షూటింగా? పెద్ద లైటేస్తే మంచు నీ కళ్లల్లోకే తిరిగొస్తాది. దింపు ముందు. కిటికీ కూసింత దించు. నలుగురి ఊపిరీ అద్దానికే పట్టేసింది."

ఆయన చెప్పినట్టు చేశాం. అద్దం తేటపడింది. "నా ఎనకాలే రండి. దగ్గరకొచ్చీకండి" అని ముందు దారితీశాడు. ఆ ఎర్ర లైటు వెంట కొండెక్కాం. పేరు అడగడం కూడా మర్చిపోయాం.

మేకప్ ముందు కారుకి!

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాం. ఈసారి వారం ముందే కారుని మెకానిక్ దగ్గర పెట్టాను. ఆయన చూసినవన్నీ మీకూ చెప్తాను.

మొదట బ్యాటరీ. చలికి దాని జోరు తగ్గుతుంది, ఇంజన్ ఆయిలు చిక్కబడుతుంది. ఊళ్లో ఒక్క తాళంతో లేచే బండి కొండమీద మొరాయించేది అందుకే. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుంటే శుభ్రం చేయించి బిగించాలి.

తర్వాత టైర్లు. చలి పెరిగితే లోపలి గాలి ఒత్తిడి పడిపోతుంది. గాలి కొట్టించేది బండి చల్లగా ఉన్నప్పుడే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు చట్టప్రకారం కూడా పనికిరాదు. మంచుకి తడిసిన రోడ్డుమీద అరిగిన టైరు పట్టు ఇవ్వదు.

వైపర్ రబ్బర్లు ఎండి చిట్లితే మార్చాలి. అద్దం లోపలివైపు కూడా శుభ్రంగా తుడవాలి, జిడ్డు ఉంటే ఆవిరి ఇంకా పట్టేస్తుంది. ఏసీ ఉన్న బండిలో, చలిగా ఉన్నా సరే, ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి. బయటి గాలి లోపలికి వచ్చేలా మీట పెట్టండి. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. రేడియేటర్‌లో ఉత్తనీళ్లు కాకుండా కూలంట్ ఉండాలి, ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతుంది కదా!

మంచులో లో-బీమే వేయాలి. కింద అమర్చిన ఫాగ్ లైట్లు ఉంటే మరీ మంచిది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించేవారున్నారు. అప్పుడు మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికెలా తెలుస్తుంది? అవి ఆగినప్పుడే.

దిగేటప్పుడు మరీ జాగ్రత్త! పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి జారేవాళ్లని చూశాను. ఇంజన్ ఆగితే బ్రేకుకి దన్ను పోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కే బండికి దారివ్వడం ఘాట్ మర్యాద.

అసలు విలన్

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్తున్నాను. చలికి తాళలేక కారు అద్దాలన్నీ మూసి, ఇంజన్ నడుపుతూ హీటరు వేసుకుని నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీసుకుపోతుంది. గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా అదే విలన్! గది దొరక్కపోతే రగ్గులు కప్పుకోండి, ఇంజన్ మాత్రం ఆపేయండి.

రెండోసారి మేము పగలే కొండెక్కి, రాత్రికి అక్కడే బస చేశాం. తెల్లవారకముందే చెరువులవేనం చేరాం. కాళ్లకింద లోయంతా మేఘాలు. పాలు పొంగి ఆగినట్టు! వాటి అంచున ఎర్రగా సూర్యుడు. ఏ కెమెరామన్ లైటింగూ అక్కర్లేదు. తర్వాత తాజంగి జలాశయం చూశాం, స్ట్రాబెర్రీ తోటల దగ్గర ఆగాం.

దిగేటప్పుడు ఘాట్‌లో ఓ కుర్రాళ్ల కారు పెద్ద లైటు వేసుకుని తడబడుతూ ఎదురొచ్చింది. ఆపి, అద్దం దించమన్నాను.

"ఏటి తమ్ముడూ, సినిమా షూటింగా?" అన్నాను.