హేతువు, హేత్వాభాసం: ఒక రసాయన సమస్య

కంటికి కనబడని దానిని కనబడే గుర్తు ద్వారా నిశ్చయించుకోవడమే అనుమాన ప్రమాణం. ఆ గుర్తుకు న్యాయదర్శనంలో హేతువనీ, లింగమనీ పేర్లు. కొండపై పొగను చూచి నిప్పును ఊహించడం ప్రసిద్ధోదాహరణం. అయితే గుర్తు కనబడినంత మాత్రాన జ్ఞానం సిద్ధించదు. ఆ గుర్తు సాధ్యాన్ని విడిచి మరెక్కడా ఉండదన్న వ్యాప్తి నిశ్చయం కావాలి. ఈ నియమం తర్కపాఠశాలలకే పరిమితమైనది కాదు. కె.కోటపాడులో ఒక ఇంటి అరుగు మీద, డిగ్రీలో రసాయనశాస్త్రం చదివే ఒక యువకుని నోటుపుస్తకంలోనూ అది అంత కఠినంగానే వర్తించింది.

ఆ యువకుడు సాధన చేస్తున్నవి ప్రోటాన్ ఎన్.ఎమ్.ఆర్. సమస్యలు. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా ఆవిష్కరించి, 1952లో నోబెల్ బహుమానం పొందిన విద్య ఇది. ద్రవ్యాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలను ప్రసరింపజేస్తే, అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు తమ తమ పరిసరాలను బట్టి వేర్వేరు స్థానాలలో స్పందిస్తాయి. అణువు అదృశ్యం, కాగితంపై శిఖరాలు దృశ్యం. సంకేతాల సంఖ్య హైడ్రోజన్లు ఎన్ని రకాలో చెబుతుంది. వైశాల్యం వాటి నిష్పత్తిని, స్థానం అవి దేని సమీపాన ఉన్నవో, చీలిక పొరుగు కర్బనం మీద ఎన్ని ఉన్నవో తెలుపుతాయి. పొరుగున రెండు ఉంటే మూడు శిఖరాల త్రికం, మూడు ఉంటే నాలుగు శిఖరాల చతుష్కం, ఏవీ లేకుంటే ఏకం.

సమస్యలో ఇచ్చినది 4 కర్బనాలు, 8 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు గల ఒక ఎస్టరు. సంకేతాలు మూడు: 1.1 వద్ద మూడు హైడ్రోజన్ల త్రికం, 2.3 వద్ద రెండింటి చతుష్కం, 3.7 వద్ద మూడింటి ఏకం. యువకుడు త్రికాన్నీ చతుష్కాన్నీ చూడగానే ‘ఇథైల్ ఎసిటేట్’ అని వ్రాసివేశాడు. పక్కనే కూర్చున్న తాతగారు తర్కం చదివినవారు, రసాయనం ఎరుగరు.

“ఇథైల్ గుర్తు స్పష్టంగా ఉంది తాతగారూ, ఇక సందేహమేముంది?”

“ఆ గుర్తు ఇంకెవరికీ ఉండదని తేల్చుకున్నావా నాయనా?”

ఆ ఒక్క ప్రశ్నతో సమాధానం కూలిపోయింది. మిథైల్ ప్రొపనోయేట్ అనే మరొక ఎస్టరుకూ అదే త్రికం, అదే చతుష్కం, అదే ఏకం, అదే 3:2:3 నిష్పత్తి. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా సమానంగా ఉండే ఇట్టి హేతువునే తార్కికులు సాధారణ హేత్వాభాసమన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివే బాలుడు తొలినాళ్లలోనే నేర్చుకొనే దోషమిది.

మరి భేదకమేది? స్థానం. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుకొంటుంది. దానిని అంటి ఉన్న కర్బనం మీది హైడ్రోజన్లకు ఆచ్ఛాదన తగ్గి సంకేతం ఎక్కువ విలువ వైపు జరుగుతుంది. ఇథైల్ ఎసిటేట్ అయితే చతుష్కం 4.1 దగ్గర, ఏకం 2.0 దగ్గర రావాలి. ఇక్కడ 3.7 వద్ద ఉన్నది ఏకం. ఆక్సిజన్ సన్నిధిలో ఉన్నది మిథైల్. ఇథైల్ ఉన్నది కార్బొనైల్ పక్కన. కనుక ఇది మిథైల్ ప్రొపనోయేట్.

దీనిని చర్య చేత కూడా నిర్ధారించవచ్చు. క్షారంతో మరిగించి జలవిశ్లేషణ చేస్తే ఇథైల్ ఎసిటేట్ నుండి ఇథనాల్, రెండవదాని నుండి మిథనాల్ వెలువడతాయి. వేరుచేసిన ఆల్కహాలుకు అయొడిన్, క్షారం చేరిస్తే ఇథనాల్ పసుపుపచ్చని అయొడోఫారమ్ అవక్షేపాన్ని ఇస్తుంది, మిథనాల్ ఇవ్వదు. అవక్షేపం రాకపోవడం ఇక్కడ వ్యతిరేక ప్రమాణం. ఈ భేదం మార్కుల మాట మాత్రమే కాదు. మిథనాల్ దేహంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపునూ ప్రాణాన్నీ హరించగలదు. రేపు ఈ యువకుడు పరవాడ ఫార్మా సిటీలో ఒక పరీక్షాశాలలో కూర్చుంటే, అతని తొందరపాటు ఫలం ముక్కూమొగం తెలియని రోగికి చేరుతుంది.

ఒక ప్రమాణం ఎంత స్పష్టంగా పలికినా చాలని సందర్భమూ ఉంది. పచ్చకామెర్లకు పసరుమందుగా మన పల్లెలు వాడే నేల ఉసిరిలోని తిక్తద్రవ్యాన్ని 1940లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య టి.ఆర్. శేషాద్రి పరిశోధించారు. 1960లలో అక్కడే ఆచార్య ఎల్. రామచంద్రరావు బృందం ఫిల్లాంథిన్ అనే ఆ ద్రవ్యపు నిర్మాణంపై కృషి చేసింది. ఆ అణువులో హైడ్రోజన్లు 34. కాని దాని రెండు సగాలు సమానం కనుక వర్ణపటం 17 హైడ్రోజన్ల వస్తువు వలెనే కనబడుతుంది. అది నిష్పత్తిని చెబుతుంది గాని సంఖ్యను చెప్పదు. పూర్ణసంఖ్య అణుభారం అనే వేరొక ప్రమాణం నుండి రావలసిందే.

సాధకునికి ఇందులో గ్రహించవలసినది ఉంది. కన్నీరు భక్తికీ గుర్తే, అహం దెబ్బతిన్న దుఃఖానికీ గుర్తే. మౌనం జ్ఞానికీ ఉంది, అలిగినవానికీ ఉంది. భోగత్యాగం వైరాగ్యం వల్లనూ కలుగుతుంది, అశక్తత వల్లనూ కలుగుతుంది. అట్టి గుర్తు తనలో కనబడినప్పుడు ‘సిద్ధించింది’ అని వ్రాసుకొనక ముందే, అది దేని సన్నిధిలో నిలిచి ఉన్నదో పరీక్షించుకోవాలి. ఈశ్వర సన్నిధిలోనా, అహంకార సన్నిధిలోనా? శిఖరాల ఆకారం రెండుచోట్లా ఒకటే, స్థానమే వేరు.