నంజుకోవడానికి ఏముంది?

మందు పక్కన తినేదాన్ని హైదరాబాద్‌లో స్టఫ్ అంటారు. ఆఫీసు ఫ్రెండ్స్ మంచింగ్ అంటారు. మా నెల్లూరు వైపు మాత్రం ఇంకా "నంజుకోడానికి ఏముంది?" అనే అడుగుతారు. నాకు ఆ మాటే ఇష్టం. వైన్ షాపు పక్కన బండి మీద ఉడకబెట్టిన గుడ్లు, గుగ్గిళ్ళు, లివర్ ఫ్రై, ఉల్లిపాయా నిమ్మకాయా కలిపిన పల్లీలు. కాలేజీ రోజుల్లో ఆ వాసనకి నోరూరేది. స్కూటీ మాత్రం ఆపలేదెప్పుడూ. ఆ బండి దగ్గర ఆడపిల్ల ఆగదు, అంతే. ఎవరూ చెప్పక్కర్లేదు.

మొన్న వేసవిలో నాలుగు రోజులు సెలవు పెట్టి, డల్లాస్ నించి ఒక్కదాన్నే న్యూయార్క్ వెళ్ళాను. మ్యూజియంలూ బ్రిడ్జిలూ అందరూ రాసేశారు, వదిలేద్దాం. నేను రాయాలనుకున్నది 36వ వీధిలో ఉన్న కీన్స్ అనే స్టీక్‌హౌస్ గురించి. 1885 నించీ ఉంది. పైకప్పు నిండా సన్నటి పొడుగాటి మట్టి పైపులు, వేలకి వేలు, వరసలు వరసలుగా వేలాడదీసి ఉంటాయి. మోసుకెళ్తే విరిగిపోతాయని కస్టమర్లు తమ పైపుల్ని అక్కడే దాచుకునేవాళ్ళట. ఐన్‌స్టీన్ పైపు, బేబ్ రూత్ పైపు కూడా ఉన్నాయి. తలెత్తి చూస్తుంటే ఊళ్ళో పొగాకు బ్యారన్ గుర్తొచ్చింది నాకు.

అక్కడ పేరుమోసింది మటన్ చాప్. అది ఒక్కదాన్నే తినగలిగేది కాదు, ఆ బిల్లు ఒక్కదాన్నే కట్టగలిగేదీ కాదు. అందుకని బార్ దగ్గర స్టూల్ మీద కూర్చున్నాను. ఖరీదైన చోట్లకి వెళ్ళే నాలాంటివాళ్ళకి ఇదొక మంచి దారి. అదే చెక్క గోడలు, అదే మసక వెలుతురు, అదే మర్యాద. కాకపోతే ఒక గ్లాసూ ఒక ప్లేటూ చాలు.

మన్‌హాటన్‌లో ఉన్నాను కదాని మన్‌హాటనే అడిగాను. రై విస్కీ, తీపి వెర్మూత్, రెండు చుక్కల బిటర్స్. ఐసులో నిదానంగా తిప్పి, వడకట్టి, పొడుగుకాడ గ్లాసులో పోసి, ఒక చెర్రీ పడేసి ఇచ్చాడు బార్‌టెండర్. మొదటి గుక్క అచ్చం దగ్గు మందు. రెండో గుక్కలో కరక్కాయ, లవంగం. మూడోదానికి భుజాలు దిగాయి. రోజంతా భుజాలు పైకి పెట్టుకునే తిరుగుతున్నానని అప్పటిదాకా తెలీలేదు.

ఈ చోటుకే రావడానికి ఇంకో కారణం ఉంది. కీన్స్ ఒకప్పుడు మగవాళ్ళకే. 1905లో లిల్లీ లాంగ్‌ట్రీ అనే నటిని లోపలికి రానివ్వకపోతే ఆవిడ కోర్టుకెక్కి గెలిచింది. ఆ తర్వాతే ఆడవాళ్ళకి తలుపు తెరిచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇదే దేశంలో, కాన్సాస్ వైపు క్యారీ నేషన్ అనే ఆవిడ గొడ్డలి పట్టుకుని సెలూన్లలోకి చొరబడి సీసాలూ అద్దాలూ పగలగొట్టేది. ఒకావిడ బార్‌లోకి వెళ్ళడానికి కొట్లాడింది, ఇంకొకావిడ బార్లు మూయించడానికి. నేను రెండో ఆవిడ పక్షం ఇంట్లోంచి వచ్చినదాన్ని.

మా అమ్మమ్మది దూబగుంట దగ్గర్లోని పల్లె. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డవాళ్ళలో ఆవిడ ఒకతి. రాత్రి బడికి వెళ్ళి సంతకం నేర్చుకున్న మొదటి ఏడాది అది. తాత కూలి డబ్బులు ఇంటికి చేరేలోపే సారా ప్యాకెట్లు అయిపోయేవి. ఇత్తడి బిందె పోయింది, మేక పోయింది. అమ్మమ్మ వీటిని కథలాగా చెప్పదు, లెక్కలాగా చెబుతుంది. 1993 అక్టోబర్ 1న సారాని నిషేధించారు. 1995 జనవరి నించి మద్యం మొత్తాన్నీ ఆపేశారు. 1997లో ఎత్తేశారు. "మేం మూపిచ్చినాం, వాళ్ళు తెరిసినారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

నంజు దగ్గరికొస్తే, వెనకటి అమెరికా సెలూన్లలో ఫ్రీ లంచ్ అని ఒకటుండేది. ఒక డ్రింక్ కొంటే తిండి ఊరికే. అన్నీ ఉప్పు దట్టించినవే, ఎందుకో చెప్పక్కర్లేదు. 1896లో న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. ఆదివారం హోటళ్ళలో, అదీ భోజనంతో పాటే మందు పోయాలని. సెలూన్ల వాళ్ళు మేడ మీద పది గదులు కట్టి హోటల్ అని బోర్డు పెట్టేశారు. భోజనం కింద ఒక సాండ్‌విచ్. ఎవరూ తినరు. ఒక టేబుల్ మీంచి తీసి ఇంకో టేబుల్ మీద పెడతారు. పర్మిట్ రూములు చూసిన జాతి మనది, మనకేం ఆశ్చర్యం!

నేను తెప్పించుకున్నది ష్రింప్ కాక్‌టెయిల్. పేరుకి కాక్‌టెయిల్, తాగేది కాదు. ఐదు పెద్ద రొయ్యలు, చల్లగా, ముంచుకోడానికి ఎర్రటి ఘాటు సాస్. అమెరికా బయటినించి తెప్పించుకునే రొయ్యల్లో ఎక్కువ వాటా ఇండియాదే, అందులో ఎక్కువ ఆంధ్రావే. ఇవెక్కడివి అని అడుగుదామనుకుని మానేశాను. మా ఊరి చెరువువి అయినా కాకపోయినా, తోక పట్టుకుని తినడం మాత్రం నాకొచ్చు. పులుసులో వేసుంటే ఇంకా బావుండేదని కూడా తెలుసు.

అటు పక్క స్టూల్ మీదాయన తన గ్లాసు చూసుకుంటున్నాడు. ఎవరూ నన్ను చూడలేదు. గంటసేపు అలా ఎవరూ చూడకుండా కూర్చోవడానికి నేను ఎంతైనా ఇచ్చేదాన్నేమో. టిప్‌తో కలిపి ఇచ్చాను కూడా.

మర్నాడు పొద్దున స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీలో ఉండగా అమ్మమ్మ వీడియో కాల్ చేసింది. ఊళ్ళో దీపాలు పెట్టే వేళ.

"రాత్రి యాడికి పోయినావే?"

అబద్ధం నాలిక చివర తయారుగానే ఉంది. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "బార్‌కి పోయినా అమ్మమ్మా."

"ఎవురితో?"

"ఒక్కదాన్నే."

తెర మీద ఆవిడ మొహం కదల్లేదు. సిగ్నల్ పోయిందనుకున్నా.

"ఎవురి దుడ్లు?"

"నాయే."

ఇంకాసేపు ఏం మాట్లాడలేదు. వెనక టీవీలో ఏదో సీరియల్ ఏడుపు. పక్కకి తిరిగి ఎవరినో సౌండ్ తగ్గించమంది.

"తాగి పడిపోలేదు గదా?"

"లేదు. ఒక్క గ్లాసే."

"నంజుకోడానికి ఏం పెట్టినారు?"

"రొయ్యలు. ఐదు."

"ఐదు కేజీలా?"

"ఐదు రొయ్యలు అమ్మమ్మా."

"ఎంత?"

డాలర్లలో చెప్పాను. డాలర్ని రూపాయల్లోకి మార్చడం మావయ్య కొడుకు ఎప్పుడో నేర్పాడు ఆవిడకి. పెదాలు కదిలాయి, వేళ్ళు మడిచింది.

"ఐదు రొయ్యలకా! ఏమే, ఆ కొట్టు మూపిచ్చేవాళ్ళు ఎవురూ లేరా ఆడ?"