మైల దేంతో కొలుస్తారు?

ఎనిమిదో తరగతికి ఫిజికల్ సైన్సు చెప్తాను. నేను చదివిన బడిలో మాదిగ పిల్లలం మంచినీళ్ల కుండ ముట్టకూడదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగితే, అగ్రకులాలోళ్లు ఆవుపేడ, ఆవుమూత్రం పోసి శుద్ధి చేశామన్నారు. నీళ్లలో ఏం మారిందో పరీక్షించలేదు.

మా పిల్లలు పరీక్షించారు. ఒకే బోరు నీళ్లు రెండు బీకర్లలో పోసి, ఒకదాంట్లో నా వేలు ముంచాను.

"వేలు తప్ప ఇంకేదీ మారకూడదు. తేడా పట్టండి" అన్నాను.

"ఇట్టా చాలదు సార్" అని కమ్మోరి పిల్ల ఒకతె మూడో బీకర్లో తన వేలు ముంచింది. అందరూ అటు తిరిగితే ఒకడు బీకర్లు తారుమారు చేశాడు. లిట్మస్ ముంచారు. కాచి థర్మామీటరు పెట్టారు. ఏది ఎవరిదో తేలలేదు.

"మరి మైల దేంతో కొలుస్తారు సార్?" అన్నాడొకడు.

ఆ ప్రశ్న నోటుబుక్కులో రాసుకుని, ఇంట్లో అడిగి రమ్మన్నాను.