ఏటికొప్పాక లక్కపిడతలు

విశాఖపట్నం నుంచి తుని వెళ్ళే దారిలో అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి లోపలికి వెళితే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. పనివాళ్ళ వీధిలో ఏ అరుగు చూసినా అంకుడు పొట్టే. గిర్రున తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే భరిణె అవుతుంది. లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఒకప్పుడు ఈ ఊరు రసాయనపు రంగులు నమ్ముకుంది. పసిపిల్లలు నోట పెట్టుకునే వస్తువులకు ఆ రంగులేమిటని కొనేవారు మొహం తిప్పుకున్నారు. ఊరివారే అయిన సి.వి. రాజుగారు పనివాళ్ళను పసుపు, నీలి, జాఫ్రా గింజల వైపు మళ్ళించారు. బేరం మళ్ళీ కుదిరింది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఈ బొమ్మల శకటం.

"మీ అబ్బాయికి పని వచ్చునా?" అని ఒక పెద్దాయన్ని అడిగాను.

"చెయ్యి వచ్చు బాబూ, మనసే రావాలి. కర్ర దొరికి సరుకు కదిల్తే అదీ వస్తాది" అన్నాడు.

బిరుదులు ఊరికి అలంకారం. పూటకు అన్నం పెట్టేది బేరమే. ఈసారి మీ పాపాయికి ప్లాస్టిక్ బొమ్మ కొనబోయే ముందు ఆ మాట గుర్తు తెచ్చుకోండి.