మూడున్నరకు సూది, ఆరింటికి తిండి

మందు మానేసిన రోగిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గుంటూరు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అంటుకున్న జబ్బిది, ఇంకా తగ్గలేదు. "షుగర్ తగ్గిపోయిందిగా సార్, అందుకే ఆపేశా" అనేవాడొకడు. "పొడపత్రి వాడుతున్నా" అనేవాడొకడు. "ఏం బాబాయ్, కాలు కుళ్ళేదాకా ఏం చేస్తున్నావ్?" అని కసిరేవాణ్ణి. ఆయన తల దించుకునేవాడు. పక్కనున్న పిన్ని "నే చెప్పినా వినడు బాబూ" అంటూ నా పక్షాన చేరేది. నా కోపం చల్లారేది, ఆయన కాలు మాత్రం అలాగే ఉండేది.

అమెరికాలో రెసిడెన్సీ ముగిశాక, జే-వన్ వీసా మీదున్న నాబోటివాళ్ళు రెండేళ్ళు స్వదేశానికి పోవాలి. కాదంటే డాక్టర్లు దొరకని ఊళ్ళో మూడేళ్ళు పనిచేయాలి. వేవర్ అనే ఆ రెండో దారి పట్టాను నేను. దక్షిణాదిలో చిన్న ఊరు. ఒక వాల్‌మార్ట్, అరడజను చర్చిలు, ఊరి బయట పత్తి చేల అవతల ఒక ప్రైవేటు జైలు.

"కాలేజీలు ప్రైవేటు, ఆసుపత్రులు ప్రైవేటు, జైలు కూడానా?" అని మా అన్నయ్య ఫోన్లో పగలబడి నవ్వాడు. ఆ వ్యాపారం 1983లో నాష్‌విల్‌లో ఒక కంపెనీ పెట్టడంతో ఊపందుకుంది. ప్రభుత్వం ఖైదీ ఒక్కంటికి రోజుకింత అని ఇస్తుంది. చాలా ఒప్పందాల్లో మంచాలు నూటికి ఎనభయ్యో తొంభయ్యో నిండి ఉంటాయన్న హామీ కూడా ఉంటుంది. నిండకపోయినా డబ్బు కట్టాల్సిందే. మన హాస్టల్ మెస్ కాంట్రాక్టు గుర్తు తెచ్చుకోండి. తలకింత అని తీసుకున్నాక, పప్పు ఎంత పలచనైతే కాంట్రాక్టరుకు అంత మిగులు. ఇక్కడ పలచనయ్యేది సిబ్బంది. 2012లో ఐడహోలోని ఒక జైల్లో మనుషులే లేని డ్యూటీలకు దాదాపు 4,800 గంటల దొంగ లెక్కలు రాశారని ఆ మరుసటి ఏడు కంపెనీయే ఒప్పుకుంది. కాపలాకే మనిషి లేనిచోట, రోగిని గదిలోంచి క్లినిక్‌కు నడిపించుకెళ్ళేదెవరు?

ఆ జైలు ఖైదీ ఒకాయన నవంబరులో మా ఆసుపత్రికి వచ్చాడు. 58 ఏళ్ళు. ఇద్దరు గార్డులు, కుడికాలికి గొలుసు, గొలుసు మంచం కమ్మీకి. ఎడమకాలి మేజోడు తీయగానే నర్సు అడుగు వెనక్కి వేసింది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి, పాదం కింద రూపాయి బిళ్ళంత పుండు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో 13 వచ్చింది; 7 దాటితేనే మేం సణుగుతాం. జైలు నుంచి వచ్చిన కాగితాలు తిరగేశాను. ఇన్సులిన్ గడుల్లో ఒకే మాట: "రిఫ్యూజ్డ్". అక్టోబరు ఒక్క నెలలో పదకొండు సార్లు.

ఇంకేముంది, నా పాత జబ్బు తిరగబెట్టింది. గుంటూరు కసురునే ఇంగ్లీషులో మర్యాద చుట్టి వడ్డించాను. వేళకి సూది చేయించుకుని ఉంటే ఈ గతి పట్టేదా అన్నాను. ఆయన అంతా విని, "డాక్, మీరు పొద్దున ఎన్నింటికి తింటారు?" అని అడిగాడు.

అక్కడ తెల్లవారుజామున మూడున్నరకు సూది. తిండి ఆరింటికి. మనుషులు చాలక తలుపులన్నీ మూసేసిన రోజు ఎనిమిది కావచ్చు, తొమ్మిది కావచ్చు. భోజనం ముందు వేసే ఇన్సులిన్ పావుగంటలో పని మొదలెట్టి గంట, గంటన్నరకు ఉధృతంగా ఉంటుంది. ఆ వేళకి కడుపులో ఏమీ లేకపోతే రక్తంలో ఉన్న చక్కెరనే ఊడ్చేస్తుంది. మెదడుకు అదే ఆహారం. ఒకసారి ఈయన గదిలోనే పడిపోయాడు. తోటి ఖైదీ దాచుకున్న జామ్ పొట్లం చింపి చిగుళ్ళకు రాస్తే లేచాడు. అప్పట్నుంచీ తలుపులు మూసిన రోజున "తిండి కళ్ళబడితే పొడవండి, లేకపోతే వద్దు" అనేవాడు. ట్రే వచ్చేసరికి నర్సు వెళ్ళిపోయేది. కాగితం మీద "రిఫ్యూజ్డ్". తీసుకెళ్ళే గార్డు రాని రోజున కూడా అదే మాట రాసేవారట.

పుండు సంగతి ఎందుకు చెప్పలేదన్నాను. షుగర్ ముదిరితే పాదం మొద్దుబారుతుంది, చెప్పులో మేకు దిగినా తెలియదు. అది నాకు తెలుసు. తెలియనిది మూడు డాలర్ల సంగతి. కొత్త జబ్బని చీటీ రాస్తే మూడు డాలర్లు కోస్తారు. పాత జబ్బుకు మినహాయింపు ఉంది గానీ పుండును కొత్త ఖాతాలో వేస్తారు. వంటగదిలో ఈయన కూలి గంటకు 17 సెంట్లు. "పద్దెనిమిది గంటలు అంట్లు తోమాలి డాక్. మానిపోతుందిలే, ఆ డబ్బుతో కూతురికి ఫోన్ చేసుకుందామనుకున్నా" అన్నాడు.

యాంటీబయాటిక్స్ ఎక్కించాం. రెండు వేళ్ళు తీశాం. నాలుగో రోజుకు మోకాలి కింద దాకా తీయాల్సి వచ్చింది. ఉన్న ఒక్క కాలికి గొలుసు మాత్రం తీయలేదు. పారిపోతాడేమోనట!

ఈ దేశంలో వైద్యం రాజ్యాంగ హక్కుగా ఉన్నది ఖైదీలకే అంటే నమ్ముతారా? టెక్సస్ జైల్లో పత్తి బేలు మీదపడి నడుం దెబ్బతిన్న గ్యాంబుల్ అనే ఖైదీ కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పింది: తీవ్రమైన జబ్బును తెలిసి తెలిసి పట్టించుకోకపోవడం క్రూర శిక్షేనని. మూడు నెలల్లో 17 సార్లు వైద్య సిబ్బంది చూశారు గనక, గ్యాంబుల్ గారికి డాక్టర్ల మీద మాత్రం గెలుపు దక్కలేదు. ఆయన పేరు మీద హక్కు మిగిలింది.

సర్కారు జైళ్ళు స్వర్గాలని నేననను. కాలిఫోర్నియా ప్రభుత్వ జైళ్ళలో ఆరేడు రోజులకో ఖైదీ సరైన వైద్యం లేక అనవసరంగా చనిపోతున్నాడని 2011 తీర్పులో సుప్రీంకోర్టే రాసింది. అయితే అక్కడ పప్పు పలచన చేస్తే ఎవరికీ డివిడెండు రాదు.

నన్ను తొలిచేది మరొకటి. ఆయన్ని చేర్చుకున్న రాత్రి నా నోట్‌లో నేనూ రాశాను, "రోగి ఇన్సులిన్ నిరాకరిస్తున్నాడు" అని. జైలు కాగితంలోంచి నా చేత్తో ఎత్తి దింపాను. ఆయన్ని అడగకముందే. తర్వాత సవరణ రాశాను కానీ మొదటి మాట చెరగదు, దాని కింద ఇది ఉంటుంది, అంతే.

డిశ్చార్జి రోజున జైలు డాక్టరుకు ఫోన్ చేశాను. పాపం ఆవిడ ఒక్కతే రెండు జైళ్ళు చూస్తుంది. "నాకు తెలుసు. వంటగది నా చేతిలో లేదు" అంది. "భోజనానికి ముందు" అన్న మాట కొట్టేసి "ట్రే చేతికొచ్చాకే ఇన్సులిన్" అని పెద్దక్షరాల్లో రాసి పంపాను. రెండు వారాల్లో చూపించమన్నాను. ఏడు వారాలకు తెచ్చారు. ఆ తేదీ ఆయనకు ముందు చెప్పరు, భద్రతట. షుగర్ కొంచెం దిగింది. సూది ఇప్పుడు ఎన్నింటికని అడిగాను. "నాలుగింటికి" అన్నాడు.

పొడపత్రి బాబాయ్ కూడా తెల్లారకముందే కూలికి పోయేవాడేమో, నేనెప్పుడూ అడగలేదు.

వేవర్ ఉద్యోగాలకు ఇలాంటి ఊళ్ళకు వస్తున్న తెలుగు డాక్టర్లకు ఒక్క మాట. గొలుసుతో వచ్చిన రోగి కాగితంలో "రిఫ్యూజ్డ్" అని కనిపిస్తే దాన్ని మీ నోట్‌లోకి ఎక్కించకండి. గార్డును మాట వినపడనంత దూరం జరగమనండి. తిండి ఎన్నింటికి పెడతారో ముందు అడగండి.